సర్టిఫికెట్లు పేరుకుంటున్నాయి, పని మారడం లేదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉద్యోగంలో చేరాక సాగే చదువు గురించే. ఆ చదువు ఫోన్లోకైతే వచ్చేసింది, చేతిలోకి మాత్రం రావడం లేదని అందరి బాధ.

ప్రశ్న: జడ్పీ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. దీక్షలో (టీచర్ల ఆన్‌లైన్ కోర్సుల ప్రభుత్వ పోర్టల్) వచ్చిన కోర్సు వచ్చినట్టే పూర్తి చేస్తున్నాను. క్విజ్‌లో 80 శాతం పైనే వస్తుంది. రెండు వారాలు పోతే ఏం విన్నానో గుర్తుండదు. ఏడాదికి 50 గంటలు ఇలాగే గడపాలా?
*ఒక టీచర్, తెనాలి మండలం*

ఏడాదికి కనీసం 50 గంటలన్నది 2020 జాతీయ విద్యా విధానంలోని మాట. నిష్ఠ అనే టీచర్ల శిక్షణను 2019లో హాళ్లలో కూర్చోబెట్టి మొదలుపెట్టారు, కోవిడ్ రావడంతో 2020లో దీక్షలోకి మార్చారు. హాలు పోయి ఫోన్ వచ్చింది కానీ పద్ధతి మారలేదు: వినడం, వెంటనే క్విజ్ రాయడం, సర్టిఫికెట్ దించుకోవడం.

ఇబ్బందంతా ఆ ‘వెంటనే’ దగ్గరే ఉంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని రెండోసారి చదివారు. మిగతావాళ్లు కాగితం మూసేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండోసారి చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75. వారం తర్వాత అదే తలకిందులైంది: చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56. మీ క్విజ్ ఆ ఐదు నిమిషాల పరీక్ష లాంటిదే. అందులో వచ్చే 80 శాతం మీకు పాఠం వచ్చిందని చెప్పదు, ఇంకా చెవిలో ఉందని మాత్రమే చెబుతుంది.

50 గంటలను 40 పని వారాలకు పంచితే వారానికి గంటా పావు. అందులో వీడియోకి అరగంట మించనివ్వకండి. ఐదారు నిమిషాలకోసారి ఆపి, నోటుబుక్కులో ఎడమ పేజీ మీద ఒక ప్రశ్న, కుడి పేజీ మీద దాని జవాబు రాసుకోండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకి కుడి పేజీ మూసి జవాబు చెప్పుకోండి. తప్పినవాటికి చుక్క పెట్టండి, తర్వాతి సారి చుక్క ఉన్నవి ముందు చూడండి. ఒక్కో విడతకు పది నిమిషాలు కూడా పట్టదు.

మిగతా టైము క్లాసుకి. కోర్సులో పది కిటుకులు చెప్పినా ఒక్కటే తీసుకోండి, ఒక్క సెక్షన్లో, ఒక్క పాఠానికి వాడండి. ఉదాహరణకి ఏడో తరగతి భిన్నాలు. పీరియడ్ చివరి ఎనిమిది నిమిషాల్లో చీటీ మీద మూడు ప్రశ్నలు ఇవ్వండి: 1/2 + 1/3 ఎంత? 3/4 + 1/8 ఎంత? 1/2, 1/3లలో ఏది పెద్దది, ఎందుకు? చీటీలను మొదటి ప్రశ్న జవాబును బట్టి మూడు కుప్పలు చేయండి: సరైనవి, 2/5 అని రాసినవి, మిగతావి. 2/5 రాసినవాడు లెక్క తెలియక తప్పలేదు. పైవి పైవీ, కిందవి కిందవీ కూడి తనదైన సూత్రం ఒకటి కట్టుకున్నాడు. వాడికి క.సా.గు. మళ్లీ చెబితే లాభం లేదు. “అర రొట్టెకి ఇంకో ముక్క కలిపితే 2/5 వచ్చిందంటున్నావు. 2/5 అరకంటే తక్కువ కదా, కలిపితే తగ్గుతుందా?” అని అడగండి. వాడి సూత్రం వాడి ముందే కూలాలి.

రెండు వారాలాగి అంకెలు మార్చి అవే చీటీలు మళ్లీ ఇవ్వండి. 2/5 కుప్ప తగ్గిందా లేదా అన్నదే ఆ కోర్సు మీకు ఇచ్చిన ఫలితం. ఆ చీటీలు రెండు కట్టలుగా దాచుకోండి. మా దృష్టిలో సర్టిఫికెట్ కంటే వాటికే విలువ ఎక్కువ. శాఖ లెక్కకి కావలసిన గంటలు మాత్రం పోర్టల్లోనే నింపండి, అక్కడ చీటీలు చెల్లవు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, కొత్త కిటుకునీ కొత్త పరికరాన్నీ ఒకే రోజు దించినప్పుడు. ఐఎఫ్‌పీ ప్యానెల్ (క్లాసులోని పెద్ద టచ్ తెర) మొరాయిస్తే పీరియడ్ పోతుంది, నింద కిటుకు మీద పడుతుంది. మొదటిసారి నల్లబల్ల మీదే చేయండి.

ప్రశ్న: కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కలిసే సమావేశం) ఒకరి క్లాసు వీడియో ఒకరు చూసి మాట్లాడుకుందామని అనుకున్నాం. రెండుసార్లు ప్రయత్నిస్తే మాట వినబడలేదు, మూడోసారి పొగడ్తలతో సరిపోయింది.
*ఒక హెచ్‌ఎం, విజయవాడ రూరల్*

మాట వినబడకపోవడానికి కారణం సాధారణంగా ఫ్యానే. ఫోన్ వెనక బెంచీ మీద పెడితే ఫ్యాను హోరు దగ్గర, టీచరు గొంతు దూరం. కాలర్‌కి తగిలించే చిన్న వైర్‌లెస్ మైక్ ఒకటి స్కూలుకి కొంటే చాలు. అది లేకపోతే రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి టీచరు చొక్కా జేబులో పెట్టండి, చీర అయితే మెడలో వేసుకునే ఫోన్ పౌచ్ వాడండి. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే రెండు రికార్డింగులూ కలపడం తేలిక.

మొత్తం పీరియడ్ తీయొద్దు, ఎవరూ చూడరు. పది నిమిషాలు చాలు, అదీ పిల్లలు జవాబు చెప్పే భాగం. 720పీ సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నలిగిపోయి బోర్డు మీద అక్షరం కనబడదు. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు వెళుతుంది. కెమెరా గది వెనక నుంచి పెడితే పిల్లల మొహాలు పడవు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. కాబట్టి గ్రూపులో పెట్టే ముందు అనుమతి పత్రం తీసుకోండి, చర్చ అయ్యాక వీడియో తీసేయండి.

ఇక పొగడ్తల సంగతి. “క్లాసు ఎలా ఉంది?” అని అడిగితే “బాగుందండీ” తప్ప ఇంకేం వస్తుంది! లెక్కపెట్టే పని ఇవ్వండి. ప్రశ్న అడిగాక టీచరు ఎన్ని సెకన్లు ఆగారు? జవాబు చెప్పిన పిల్లలు ఎందరు, వాళ్లలో ముందు బెంచీ వాళ్లు ఎందరు? ముగ్గురు చూసి మూడు అంకెలు రాస్తే చర్చ దానంతట అదే మొదలవుతుంది. మొదటి వీడియో హెచ్‌ఎంగా మీదే పెట్టండి. లేకపోతే ఇది ఇన్‌స్పెక్షన్ అనుకుంటారు.

ప్రశ్న: మా ఆసుపత్రిలో సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, శ్వాస ఇవ్వడం) ఆన్‌లైన్ మాడ్యూల్ సిస్టర్లందరూ పూర్తి చేశారు, నూటికి నూరు శాతం. మొన్న మాక్ డ్రిల్ పెడితే చేతులు సరిగా పడలేదు. మాడ్యూల్ మార్చాలా?
*నర్సింగ్ సూపరింటెండెంట్, విజయవాడ*

మాడ్యూల్ మార్చినా ఇదే జరుగుతుంది. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా 6 దాటకుండా, 30 నొక్కులకి 2 శ్వాసలు. ఈ అంకెలు తెర మీద నేర్చుకోవచ్చు. ఐదు సెంటీమీటర్లంటే ఎంత బలమో మాత్రం చేతికే తెలియాలి. నేర్చుకున్న చేయి కూడా మూడు నుంచి ఆరు నెలల్లో మొద్దుబారుతుంది. రెండేళ్లకోసారి రోజంతా వర్క్‌షాప్ పెట్టడం కంటే మూడు నెలలకోసారి పది నిమిషాలు మేలు.

సీపీఆర్ అభ్యాసానికి వాడే బొమ్మను ట్రైనింగ్ హాల్లో తాళం వేసి ఉంచకండి, వార్డుకి తీసుకురండి. డ్యూటీ మారే వేళ ఇద్దరు చొప్పున చేయించండి: రెండు నిమిషాలు నొక్కడం, ఒక నిమిషం తప్పులు చెప్పడం, మళ్లీ రెండు నిమిషాలు. రెండో విడత వదలొద్దు, చెప్పిన తప్పు చేతిలో దిద్దుకునేది అందులోనే. లోతు చూపించే బొమ్మ లేకపోతే నొక్కినప్పుడు క్లిక్‌మనేది కొనండి. వేగానికి ఫోన్‌లో మెట్రొనోమ్ 110 దగ్గర పెట్టండి. అదీ వద్దంటే వాచీ చాలు: 30 నొక్కులకి 15 నుంచి 18 సెకన్లు పట్టాలి. పన్నెండులో అయిపోతే కంగారు, ఇరవై దాటితే నీరసం.

చేతులు సరిగా పడలేదన్నారు కదా, మంచం చూశారా? మెత్తటి పరుపు మీద లోతులో కొంత పరుపుకే పోతుంది. ఛాతీ కింద పలక ఉండాలి. మంచం ఎత్తుగా ఉంటే మోచేతులు వంగుతాయి, పొట్టిగా ఉన్న సిస్టర్లకు ఫుట్‌స్టెప్ తప్పనిసరి. నొక్కాక ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వకుండా దాని మీదే వాలిపోవడం ఎక్కువగా కనబడే తప్పు. అలసిపోయినప్పుడు ఇది పెరుగుతుంది, అందుకే రెండు నిమిషాలకి మనిషి మారాలి. మారేటప్పుడు ఆగేది పది సెకన్లు మించకూడదు.

మాడ్యూల్ రిజిస్టర్ పక్కన ఇంకో రిజిస్టర్ పెట్టండి: పేరు, తేదీ, 30 నొక్కులకు పట్టిన సెకన్లు, కనబడిన ఒక తప్పు. పూర్తి చేసినవారి శాతం కంటే ఆ నాలుగో గడి మీకు ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: ఆటోనగర్‌లో డీజిల్ బళ్ల షెడ్ నడుపుతున్నాను. బీఎస్6 (బళ్ల పొగకి కొత్త ప్రమాణం) వచ్చాక పాత అనుభవం చాలడం లేదు. కుర్రాళ్లు యూట్యూబ్ చూసి స్కానర్‌తో కోడ్ చెరిపేస్తున్నారు, బండి వారానికి మళ్లీ వస్తోంది. పది రోజులు ట్రైనింగ్‌కి పంపితే షెడ్ మూసుకోవాలి. ఏం చేయమంటారు?
*ఒక షెడ్ యజమాని, విజయవాడ*

2020 ఏప్రిల్ 1న మన దేశం బీఎస్4 నుంచి నేరుగా బీఎస్6లోకి దూకింది, మధ్యలో ఐదు లేదు. మెకానిక్కుకి ఒక మెట్టు తగ్గిపోయింది. కాబట్టి తప్పు కుర్రాళ్ల మీదే వేయడానికి లేదు.

షెడ్ మూయక్కర్లేదు. వారంలో ఒక రోజు, షట్టర్ ఎత్తాక మొదటి ఇరవై నిమిషాలు చాలు. పాఠం మాత్రం ఆ వారం మీ షెడ్‌కి వచ్చిన బండే కావాలి. ఒక కోడ్ తీసుకోండి, పీ2002 అనుకుందాం. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, సరిగా పనిచేయడం లేదని దాని అర్థం. కోడ్ ఏ పార్టు పోయిందో చెప్పదు, కంప్యూటర్‌కి ఏ లెక్క తేడాగా కనబడిందో చెబుతుంది. స్కానర్ పెట్టే ముందే ప్రతి కుర్రాడూ తన అంచనా కార్డు మీద రాయాలి. ఇది తప్పించొద్దు. అంచనా తప్పినవాడికి అసలు కారణం గట్టిగా గుర్తుంటుంది.

తర్వాత వరస ఇది. కోడ్ చెరిపే ముందు దానికీ ఫ్రీజ్ ఫ్రేమ్‌కీ (కోడ్ పడిన క్షణంలో కంప్యూటర్ దాచిన అంకెలు) ఫోటో తీయాలి. ఫోటో గ్రూపులో పడకుండా ఎవరూ చెరపకూడదన్నది షెడ్ రూలుగా పెట్టండి. ఇంజన్ ఆపి కీ ఆన్ చేసి లైవ్ డేటాలో డీపీఎఫ్ ప్రెజర్ తేడా చూడాలి, సున్నా దగ్గర ఉండాలి. లేదంటే ఫిల్టర్‌ని అనుమానించే ముందు సెన్సర్‌నీ, దానికి వెళ్లే రెండు రబ్బరు గొట్టాలనీ చూడాలి. పగిలాయా, మసి పట్టాయా, ఎవరైనా విప్పి తారుమారుగా బిగించారా? చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. గొట్టాలు బాగుంటే, ఫిల్టర్ ఎందుకు నిండిందన్నది వెతకాలి: ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్), ఇంజెక్టర్, టర్బో గొట్టంలో గాలి లీకు, లేదా బూడిద తక్కువుండే రకం కాకుండా వేరే ఇంజన్ ఆయిల్ పోయడం.

బండి ఎక్కడ తిరుగుతుందో ఓనర్ని అడగడం కూడా పరీక్షలో భాగమే. ఫిల్టర్‌లో మసి కాలాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి రావాలి, బండి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. వన్‌టౌన్ నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఆగుతూ సాగుతూ తిరిగే బండికి ఆ అవకాశం రాదు. కాలడం సగంలో ఆగిపోతూ ఉంటే డీజిల్ ఆయిల్‌లోకి దిగి డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. “ఆయిల్ తగ్గలేదు, పెరిగింది” అని ఓనర్ సంబరపడితే అనుమానించండి. కారణం సరిచేశాకే స్కానర్‌తో ఫోర్స్‌డ్ రీజనరేషన్ (ఫిల్టర్‌లోని మసిని బలవంతంగా కాల్చడం) చేయాలి. అదీ ఆరుబయట, సైలెన్సర్ దగ్గర గుడ్డలూ చెత్తా లేకుండా చేయాలి, తర్వాత ఆయిల్ చూసి అవసరమైతే మార్చాలి.

యూట్యూబ్ మానిపించక్కర్లేదు, చూసే తీరు మార్చండి. వీడియోలో మెకానిక్ కారణం చెప్పబోయే ముందు ఆపి “నువ్వైతే ఏం చూస్తావు?” అని అడగండి. పీ0తో మొదలయ్యే కోడ్‌లు ఏ కంపెనీకైనా ఒకటే. పీ1తో మొదలయ్యేవి కంపెనీ సొంతం, వేరే కంపెనీ వీడియో చూసి వాటి జోలికి వెళ్తే దారి తప్పుతారు. పొగని శుద్ధి చేయడానికి వాడే యాడ్‌బ్లూ విషయంలో ఒక్కటే: అది 32.5 శాతం యూరియా ఉన్న శుద్ధమైన ద్రావణం, తగ్గిందని కుళాయి నీళ్లు కలిపితే ఖనిజాలు పేరుకుని ఇంజెక్టరూ క్యాటలిస్టూ పాడవుతాయి. ఎలక్ట్రిక్ బళ్లలో నారింజ రంగు (హై వోల్టేజీ) కేబుళ్ల పని మాత్రం వీడియోతో నేర్పొద్దు. దానికి మనిషిని పంపాల్సిందే, షెడ్ ఒక రోజు ఆగినా సరే.

నెలాఖరుకి జాబ్ కార్డులు తిరగేసి, అదే కంప్లయింటుతో తిరిగొచ్చిన బళ్లు ఎన్నో లెక్కపెట్టండి. ట్రైనింగ్ పనిచేస్తే ఆ లెక్క తగ్గుతుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌ని. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) 12 వారాల కోర్సు రెండుసార్లు మొదలుపెట్టి నాలుగో వారంలో వదిలేశాను.
*వడ్డేశ్వరం*

నాలుగో వారం అంటే మీ కాలేజీలో మిడ్ పరీక్షలు కదూ! ముందే లెక్కేసుకోండి. 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 మాత్రమే తీసుకుంటారు, కాబట్టి నాలుగు పోయినా కొంప మునగదు. అసైన్‌మెంట్లకి 25, సెంటర్లో కూర్చుని రాసే పరీక్షకి 75. సర్టిఫికెట్‌కి 25కి 10, 75కి 30 విడివిడిగా రావాలి.

జవాబులు అమర్చిపెట్టే టెలిగ్రామ్ గ్రూపులు పాతికకి పాతిక తెప్పిస్తాయి, 75 దగ్గర ముంచుతాయి. వారం మొదట్లో వీడియో చూడకముందే అసైన్‌మెంట్ తెరిచి, తెలిసినంత కాగితం మీద చేయండి. తెలియనివేవో తేలాక లెక్చర్లు చూస్తే ఎక్కడ ఆగాలో, ఎక్కడ దాటేయాలో తెలుస్తుంది. డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకరిని కలుపుకోండి, ఇద్దరూ వారానికో అరగంట కూర్చుంటే చాలు.

పనిలో పనిగా కాలేజీ యాజమాన్యాలకూ ఒక మాట. ఐదు రోజులు, పది ఉపన్యాసాలు, చివర్లో గూగుల్ ఫారం, సాయంత్రానికి ఈ-సర్టిఫికెట్ అనే ఎఫ్‌డీపీ (లెక్చరర్ల శిక్షణ కార్యక్రమం) తీరు డబ్బు దండగ. అవే పది గంటల్ని పది వారాలకు పరిచి, వారం వారం ల్యాబ్‌లో ఒకటి చేసి చూపించమనండి.

ప్రశ్న: ప్రాక్టీస్‌లో ఉన్న సీఏని. కొత్త ఆదాయపు పన్ను చట్టం నేర్చుకోవడానికి ఏఐ చాట్‌బాట్ వాడుతున్నాను. ఎంతవరకు నమ్మొచ్చు?
*బ్రాడీపేట, గుంటూరు*

సమాచారం చెప్పించుకోవడానికి వద్దు, మిమ్మల్ని ప్రశ్నించడానికి వాడండి. ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 అన్నది గుర్తుంచుకుని చదవండి. 1961 చట్టం మీద అరవై ఏళ్లకు పైగా పోగుపడిన రాత బాట్‌లు చదివి ఉంటాయి, కొత్తదాని మీద ఉన్నది దాంతో పోలిస్తే ఏపాటి! అందుకే పాత సెక్షన్ నంబరుని కొత్త చట్టానికి అంటగట్టి, తడుముకోకుండా చెబుతాయి. పాత 80సీ కొత్తదాంట్లో 123. జీతాల టీడీఎస్ 392లోకి, మిగతా టీడీఎస్ చాలావరకు 393లోకి వచ్చాయి. అసెస్‌మెంట్ ఇయర్ పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది. పాత సంవత్సరాల కేసులకు పాత చట్టమే నడుస్తుంది కాబట్టి రెండూ మీ బల్ల మీద ఉంటాయి, తికమకకు ఇది ఇంకా తావిస్తుంది.

ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటు నుంచి సెక్షన్ పాఠం కాపీ చేసి బాట్‌కి ఇవ్వండి. “ఈ పాఠం ఒక్కటే ఆధారంగా, చిన్న వ్యాపారి పరిస్థితులు మార్చి ఎనిమిది ప్రశ్నలు అడుగు, జవాబు నేను చెప్పేదాకా చెప్పకు” అనండి. మీ జవాబు తప్పని అంటే, ఏ వాక్యం ప్రకారమో చూపించమని అడగండి. ఆ వాక్యం చట్టంలో అక్షరాలా ఉందో లేదో మీరే వెతికి చూసుకోండి. క్లయింట్ పేరు, పాన్, బ్యాంకు వివరాలు అందులో పెట్టొద్దు, అంకెలు కూడా మార్చి ఇవ్వండి.

ఇదంతా చదువుకే. సీఏల ఇన్‌స్టిట్యూట్ అడిగే మూడేళ్లకు 120 సీపీఈ (వృత్తిలో ఉంటూ సాగించే చదువు) గంటల్లో స్ట్రక్చర్డ్‌గా కావలసిన 60 గంటలు గుర్తించిన కార్యక్రమాల్లోనే రావాలి.

ప్రశ్న: గుర్తుండటానికి ఆంకీ యాప్ (ప్రశ్న-జవాబు కార్డులు మళ్లీ మళ్లీ చూపించేది) వాడమంటున్నారు. తెలుగులో పనిచేస్తుందా? మొదలెట్టిన పది రోజులకే వందల కార్డులు మీద పడ్డాయి.
*ఫార్మసిస్టు, అరండల్‌పేట*

తెలుగులో బాగానే పనిచేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌కి డబ్బు కట్టాలి. రోజుకి 20 కొత్త కార్డులని దానికదే పెట్టుకుని ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 5కి దించండి. ఒక్కో కొత్త కార్డూ మొదటి వారాల్లో పలుమార్లు తిరిగొస్తుంది కాబట్టి 20 చొప్పున వేస్తే రోజుకి వంద పైన తేలుతుంది, ఉద్యోగం చేసేవాళ్లకు ఇది మోయలేని బరువు. ఇప్పటికే మీద పడ్డ కార్డులు తీరేదాకా కొత్తవి సున్నా పెట్టండి. ఒక కార్డులో ఒక్క విషయమే ఉండాలి. “మెట్‌ఫార్మిన్ గురించి రాయండి” అన్నది కార్డు కాదు. “మెట్‌ఫార్మిన్ భోజనంతో పాటు ఎందుకు వేసుకోమంటాం?” అన్నది కార్డు. ఇతరులు తయారు చేసిన డెక్‌లు (కార్డుల కట్టలు) దించుకోకండి. కౌంటర్ దగ్గర ఎవరైనా అడిగినప్పుడు మీరు తడబడిన ప్రశ్నతోనే కార్డు రాసుకోండి, ఆ రోజే.